గీత దాకా మంచినీళ్ళు

అప్పలాచారి మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు వెంటనే దొరకదు. కాలేజీలో జువాలజీ చెప్పిన రోజుల్లో కూడా అంతేనట. ఎవడైనా లేచి సందేహం అడిగితే, "కూర్చో, అదే వస్తుంది" అనేవారట. వచ్చేదో లేదో గానీ, అడిగినవాడు మాత్రం పరీక్ష రాసేదాకా ఆ సందేహాన్ని మరిచిపోయేవాడు కాదు. రిటైరయ్యాక ఆయన పెదవాల్తేరులో తన ఇంటి హాల్లో ఒక గోడ పొడుగునా సముద్రపు నీళ్ళ గాజు తొట్టి పెట్టుకున్నారు. "సముద్రాన్ని వీధి చివర పెట్టుకుని ఇంట్లో ఇదేటండీ" అని ఇరుగుపొరుగు ఎకసెక్కం చేస్తే నవ్వి ఊరుకునేవారు. తర్వాత తర్వాత ఆ ఇరుగుపొరుగే తమ ఇళ్ళకి చుట్టాలొస్తే ముందు సింహాచలం, ఆ తర్వాత మాస్టారి తొట్టి చూపించడం మొదలుపెట్టారు.

చూపించాల్సిందే మరి. తొట్టి నిండా పగడాలు. సముద్రంలోంచి కోసుకొచ్చినవి కావు, తొట్టెల్లోనే పెరిగినవి. కరివేపాకు పిలక ఇచ్చిపుచ్చుకున్నట్టు, ఈ పని తెలిసినవాళ్ళు ఒకరికొకరు ముక్కలు ఇచ్చుకుంటారు. ఆ విషయంలో మాస్టారు మహా పట్టుదల మనిషి. పగడం అనగానే ఉంగరంలో రాయి గుర్తొచ్చేవాళ్ళకి అది ప్రాణమున్న జీవి అని నమ్మించడానికే ఆయనకి సగం పూట పట్టేది. వాటిలోకెల్లా పెద్దది, మెత్తనిది, పుట్టగొడుగు ఆకారంలో ఉండేది. పొద్దున లైటు వెలగగానే తల నిండా సన్నటి వేళ్ళు చాచి నీటి కదలికకి ఊగేది. అందరూ దాన్ని గొడుగు అనేవారు. నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న క్లౌన్ చేపల జంట ఒకటి ఆ గొడుగునే ఇల్లు చేసుకుంది. దాని వేళ్ళ మధ్యనే పడుకోవడం, అక్కడే అలగడం, అక్కడే కాపురం.

ఈ తొట్టి విద్య నేర్చుకుందామని ఊళ్ళోవాళ్ళు చాలామంది వచ్చేవారు. మోజుపడి వచ్చినవాళ్ళు అద్దం తుడిచే దశలోనే జారుకునేవారు. నిలిచినవాళ్ళలో నాగావళి ఒకతె. ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. ముప్పై దాటింది, పెళ్ళి మాట ఎత్తితే చూద్దాం అంటుంది. మాట తక్కువ, పని ఎక్కువ. మాస్టారికి ఆమె అంటే తగని అభిమానం. వేసవి సెలవులు ఇచ్చిన కొత్తలో ఒక ఆదివారం, ఇద్దరూ చెరోవైపు నిలబడి అద్దానికి పట్టిన పాచి తీస్తుండగా, ఆమె ఉన్నట్టుండి చెయ్యి ఆపి అడిగింది.

"మాస్టారూ, పోయిన మనిషి లోటు పసిపిల్లకి ఎలా పూడ్చాలండీ?"

మాస్టారు పాచి తీస్తూనే ఉన్నారు. కాసేపటికి, "వచ్చేవారం హైదరాబాద్ వెళ్తున్నాం తల్లీ. రెండు కళ్ళకీ ఆపరేషన్ చేయించేదాకా అక్కడ మా అమ్మాయి వదిలేలా లేదు. మీ పార్వతాలు అత్తయ్యగారూ వస్తున్నారు. మేం తిరిగొచ్చేదాకా తొట్టి నువ్వు చూసుకోవాలి" అన్నారు. నాగావళికి మనసు చివుక్కుమంది. ఆ మాట అడగడానికి ఆమె ఎన్ని ఆదివారాలు ధైర్యం కూడగట్టుకుందో ఆయనకేం తెలుసు! అయినా గురువుగారి మాట కాదనలేక తల ఊపింది.

ఆ పసిపిల్ల ఆమె అక్క కూతురు. అక్క సువర్ణ పోయి ఏడాది కావస్తోంది. బావ ఓడ మీద ఇంజనీరు, ఎక్కితే నెలల తరబడి నీళ్ళ మీదే. పిల్ల పేరు సంహిత, ఏడేళ్ళది. కర్మకాండ అంతా అయిన మర్నాడు దాని పుస్తకాల సంచీ, అక్క చీరలు కాసిని తీసుకుని నాగావళి పిల్లని తన ఇంటికి తెచ్చేసుకుంది. తెచ్చుకోమని ఎవరూ అడగలేదు, వద్దని ఎవరూ అనలేదు. దానికి తల్లి లేని లోటు తెలియనివ్వనని మనసులో ఒట్టు పెట్టుకుంది. ఒట్టు మంచిదే. కానీ లెక్కల టీచరు కదా, ఏది ఎంత తగ్గితే అది అంత కలపాలనుకుంది. తగ్గింది అమ్మ. కాబట్టి కలపాల్సింది అమ్మనే.

పొద్దున జడ వేస్తూ, "అమ్మ కూడా ఇలాగే రెండు జడలు వేసేది కదూ" అనేది. అన్నం పెడుతూ, "అమ్మ చేతి వంట అమృతం" అనేది. అక్క చీర కత్తిరించి పిల్లకి గౌను కుట్టించింది. భోజనాలయ్యాక ఫోనులో అక్క వీడియోలు పెట్టి, పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూపించేది. సంహిత బొమ్మ వేస్తే అమ్మ చెయ్యే వచ్చిందనేది, వెయ్యకపోతే అమ్మకి బొమ్మలంటే ఎంత ఇష్టమో అనేది. మాటకి ముందు అమ్మ, మాటకి వెనక అమ్మ. పిల్ల ఎక్కడ తల్లిని మరిచిపోతుందోనని ఆమె భయం. ఆ భయంలో తన అక్క మీద బెంగ ఎంత కలిసిందో ఆమెకే తెలియదు.

సంహిత మొదట్లో కళ్ళు విప్పార్చుకుని వినేది. తర్వాత తల దించుకుని వినేది. ఆ తర్వాత లేచి వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. ఊఁ అనడం, ఊఁహూఁ అనడం తప్ప మాట లేదు. సెలవులకి ముందే బళ్ళో టీచరు పిలిచి, "పాప ఎవరితోనూ మాట్లాడ్డం లేదండి, కాస్త చూసుకోండి" అని చెప్పింది. ఓడ మీంచి తండ్రి ఫోన్ చేస్తే ఫోను చెవికి ఆనించుకుని నిలబడేది. "సంహీ, ఉన్నావా అమ్మా? లైన్లో ఉన్నావా?" అని అవతల బావ అడుగుతుంటే ఇవతల నాగావళి, వింటోంది బావా అని సర్దిచెప్పేది. పిల్ల ఎక్కడికీ పోలేదు, కళ్ళెదుటే ఉంది. అయినా పూటపూటకీ చేజారిపోతోంది. అక్కని ఎలాగూ నిలబెట్టుకోలేకపోయింది, దీన్ని కూడా పోగొట్టుకుంటానేమోనని ఆమెకి గుండెల్లో గుబులు. అందుకే అమ్మని మరింత తోడి తోడి పోస్తోంది.

ప్రయాణం ముందు రోజు మాస్టారు ఆమెని వరండాలోకి తీసుకెళ్ళి డబ్బాలు చూపించారు. "తెల్ల డబ్బాలో ఉప్పు కలిపిన నీళ్ళు. వారానికోసారి తొట్టిలో పాతనీళ్ళు కొంత తీసి, తీసినన్ని ఇవి పోస్తాం. అది నీకు తెలిసిన పనే. రోజూ పొద్దున మాత్రం నీలం డబ్బా. ఇదిగో, ఈ అద్దం మీద గీత ఉంది చూడు. నీళ్ళు గీత కిందకి దిగుతాయి. గీత దాకా పొయ్యి. అంతే." ఎందుకు దిగుతాయో ఆమెకి తెలుసు. వేసవిలో తొట్టి వేడెక్కకుండా పైన ఫ్యాన్లు తిరుగుతూ ఉంటాయి, రోజూ బిందెడు నీళ్ళు ఆవిరైపోతాయి. వేరే డబ్బా ఎందుకో మాత్రం అడుగుదామనుకుని, అదే వస్తుంది అంటారని ఊరుకుంది.

మొదటి రోజు నీలం డబ్బా ఎత్తి పోస్తుంటే చుక్క ఎగిరి పెదవి మీద పడింది. చప్పగా ఉంది. మళ్ళీ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని చూసింది. ఉప్పన్న మాటే లేదు, శుభ్రమైన మంచినీళ్ళు. సముద్రపు ప్రాణులకి మంచినీళ్ళేమిటి? అప్పుడామెకి మాస్టారి కళ్ళు గుర్తొచ్చాయి. పొరలు కమ్మి, ఆ మధ్య ఆయన పాలవాణ్ణి పేపరువాడనుకుని, "నిన్న పేపరు తడిసిపోయిందేటి నాయనా" అని నిలదీశారు. పాపం, తెల్లదేదో నీలమేదో ఆయనకేం కనిపిస్తుంది! గురువుగారి పొరపాటు పదిమందికీ చెప్పడం శిష్యురాలి మర్యాద కాదు, గుట్టుగా దిద్దడం మర్యాద. నాగావళి నీలం డబ్బా మూత బిగించి మూలకి జరిపింది. మర్నాటినుంచి తెల్ల డబ్బా. అందులో నీళ్ళు అయిపోతే, మాస్టారు నేర్పినట్టే ఉప్పు కొలిచి, కలిపి, తేరుకున్నాక గీత దాకా పోసేది. ఎంత శ్రద్ధగా పోసేదంటే, చూసినవాళ్ళెవరైనా దణ్ణం పెట్టుకుంటారు.

ఇంట్లో ఒంటరిగా వదలలేక సంహితని కూడా వెంట తెచ్చేది. పిల్ల తొట్టి ముందు పీట వేసుకుని, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, ఆ క్లౌన్ చేపలనే చూస్తూ కూర్చునేది. ఏడాదిలో దాని మొహంలో కాస్త వెలుగు కనిపించింది అక్కడే. అది చూసి నాగావళి ప్రాణం లేచొచ్చేది. లేచొచ్చి ఊరుకుంటే బాగుండేది. "మీ అమ్మకి కూడా చేపలంటే ఎంత ఇష్టమో తెలుసా?" అనేది. పిల్ల పీట తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయేది.

వారం తిరిగేసరికి గొడుగు వేళ్ళు ముడిచింది. అప్పుడప్పుడూ ముడవడం మామూలే అనుకుంది నాగావళి. కానీ ఆ తర్వాత అది విప్పుకోలేదు. తల మీద మైనం పూసినట్టు మందంగా పొర కమ్మింది, రంగు మాసిపోయింది. క్లౌన్ చేపలు ఆ మూసిన తల చుట్టూ తిరిగి తిరిగి, ముట్టెతో నెమ్మదిగా తట్టి, చోటు దొరక్క పంపు గొట్టం పక్కన ఒదిగి పడుకునేవి. మిగతా పగడాలు కూడా ఒకటొకటే గుప్పిట మూసుకున్నాయి. తొట్టి పై అంచున తెల్లగా ఉప్పు పేరుకుంటోంది. నాగావళి దాన్ని రోజూ తడిగుడ్డతో తుడిచి పారేసేది గానీ ఎందుకొస్తోందని ఆలోచించలేదు. తన సేవలో లోటు ఏమిటా అన్నదే ఆమె ఆలోచన. మేత మార్చింది. లైటు తగ్గించింది. పొద్దున ఒకసారి పోసే నీళ్ళు సాయంత్రం కూడా పొయ్యడం మొదలెట్టింది, గీత కిందకి వేలెడు కూడా దిగనివ్వకుండా.

హైదరాబాద్ నుంచి మాస్టారు ఫోన్ చేసేవారు. "నీళ్ళు పోస్తున్నావా తల్లీ?" "పోస్తున్నానండి, గీత దాకా." "ఒక్కరోజు కూడా మానకు." "మాననండి." ఆయనకి తృప్తి, ఆమెకి తృప్తి. గొడుగు ముడుచుకుందని మాత్రం చెప్పలేదు. కళ్ళకి కట్టు ఉండగా బెంగ పెట్టుకుంటారని భయం. ఒకరోజు సంహిత అద్దానికి వేలు ఆనించి, చాలా రోజుల తర్వాత తనంతట తానే ఒక మాట అడిగింది. "చచ్చిపోతాదా పిన్నీ?" నాగావళి పిల్లని దగ్గరికి తీసుకోబోతే అది పక్కకి తప్పుకుంది.

మాస్టారు, ఆయన భార్య పార్వతాలు గారు ఒక ఉదయం ఆటో దిగారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మాస్టారు సినిమా హీరోలా ఉన్నారని పార్వతాలు గారు దారంతా ఆటపట్టించినట్టున్నారు, నవ్వుతూనే లోపలికొచ్చారు. తొట్టి ముందుకి రాగానే నవ్వు ఆగిపోయింది. నాగావళి గోడ పక్కన నిలబడి ఉంది. "ఒక్కరోజు తప్పలేదండి. గీత కిందకి దిగనివ్వలేదు. ఏం పాపం చేశానో నాకే తెలీటం లేదు" అంటూ ఏడ్చేసింది. మాస్టారు తొట్టి అంచు వేలితో తడిమి, వేలికంటిన తెల్లటి ఉప్పు చూసుకున్నారు. బీరువా పైనుంచి చిన్న గొట్టంలాంటి పనిముట్టు దించారు. దాని అద్దం మీద తొట్టి నీటిచుక్క వేసి వెలుతురుకి పట్టి చూస్తే నీళ్ళలో ఉప్పెంతో తెలుస్తుంది. కిటికీ దగ్గరికెళ్ళి, నల్లద్దాలు తీసి, కొత్త చూపుతో చాలాసేపు చూశారు.

"ఏం నీళ్ళు పోశావమ్మా?"

నాగావళి కళ్ళు తుడుచుకుని, గురువుగారి పరువు కాపాడే గొంతుతో చెప్పింది. "ఉప్పునీళ్ళేనండి. మీరు నీలం డబ్బా అన్నారు గానీ, అందులో మంచినీళ్ళున్నాయి. మీ కళ్ళు బాలేవు కదా, డబ్బాలు తారుమారయ్యాయనుకున్నాను."

మాస్టారు ఒక క్షణం ఆమెనే చూసి, ఫక్కున నవ్వారు. ఆ నవ్వులో కోపం వీసమెత్తు లేదు. లోపల సామాను సర్దుతున్న పార్వతాలు గారు ఏటయిందంటూ బయటికొచ్చారు. మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చుని, "నీకు వంట వచ్చు కదా?" అన్నారు.

"వచ్చండి."

"పొయ్యి మీద పులుసు మరిగి మరిగి చిక్కబడిపోయిందనుకో. ఏం పోస్తావు?"

"కాసిని నీళ్ళు పోస్తానండి."

"ఉప్పు వెయ్యవా?"

"మళ్ళీ ఉప్పెందుకండీ? అది అందులోనే ఉం..." అని సగంలో ఆగిపోయింది. తొట్టి వైపు చూసింది. తను రోజూ తుడిచిపారేసిన తెల్లటి అంచు వైపు చూసింది. ఆవిరైంది ఒట్టి నీళ్ళే. ఉప్పు చెమ్చాడు కూడా ఎక్కడికీ పోలేదు, అంతా ఆ తొట్టిలోనే ఉంది. ఉన్నదాని మీద తను రోజూ బిందెలతో పోసింది. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో మాస్టారూ! సముద్రపు ప్రాణులు కదా, వాటికి వాటి నీళ్ళే ఇద్దామనుకున్నానండి. ప్రేమతోనే పోశాను."

"ప్రేమ లేకపోతే ఇంత ఉప్పు ఎవరు పోస్తారు?" అన్నారు మాస్టారు. ఆ మాట ఎంత మెత్తగా అన్నారంటే, నాగావళికి మళ్ళీ ఏడుపొచ్చింది. వరండా గుమ్మం పక్కన పీట మీద సంహిత కూర్చుని అంతా వింటోంది.

"ఇప్పుడు ఉప్పంతా తీసేసి మంచినీళ్ళు పోసేద్దామా అండీ?"

"ఒక్కపూటలో ఉప్పు విరిచేస్తే అదీ తట్టుకోలేవు. రోజూ కాస్త తియ్యి, కాస్త మంచినీళ్ళు పొయ్యి. తొందరపడకు. మిగతాది అవే చూసుకుంటాయి." అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఊరెళ్ళకముందు ఆమె అడిగిన ప్రశ్న ఆయనకి గుర్తుందో లేదో కూడా తెలియలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి నాగావళి సంహితకి అన్నం పెట్టింది. "అమ్మ చేతి..." అని అలవాటుగా మొదలుపెట్టి అక్కడితో ఆపేసింది. పిల్ల మిగతా మాట కోసం ఎదురుచూసినట్టు మొహం ముడుచుకుని ఉంది. ఆ ముడుచుకున్న మొహం నాగావళి అంతకుముందు ఎక్కడో చూసింది. తొట్టి అద్దం వెనక. "చారు వేడిగా ఉంది, ఊదుకుని తిను" అంది, అంతే. ఆ రోజు వీడియోలు పెట్టలేదు. కళ్ళముందు అక్క మొహం మెదులుతుంటే, ఆమెకి అన్యాయం చేస్తున్నట్టు గుండె పీకింది కూడా. అయినా పెట్టలేదు.

మర్నాటినుంచి పొద్దున మాస్టారింట్లో నీలం డబ్బా మోయడం, సాయంత్రం పిల్లని బీచికి తీసుకెళ్ళడం. అక్కడ మరమరాల మురీ మిక్చర్ పొట్లం కొనుక్కుని, అందులో పల్లీలు ఎవరికెన్ని వచ్చాయని దెబ్బలాడుకునేవారు. అంటే నాగావళి దెబ్బలాడేది, సంహిత పల్లీలు నోట్లో వేసేసుకునేది. ఇంటికొచ్చి గవ్వలాట. పిల్ల తొండి చేసేది. నాగావళి చూసీ చూడనట్టు ఊరుకోకుండా, "దొంగా, మళ్ళీ వెయ్యి" అనేది. సంహిత పెదవి చివర నవ్వు లాంటిదేదో వచ్చి వెళ్ళేది. తను చేస్తున్నది సరైనదో కాదో నాగావళికి తెలియదు. చప్పటి మాటలు, చప్పటి రోజులు. గీత దాకా మంచినీళ్ళు.

ఒక ఆదివారం పొద్దున నీళ్ళు పోస్తుంటే, గొడుగు తల మీది పొర ఒక పక్క ఊడి నీళ్ళలో ఊగుతూ కనిపించింది. "మాస్టారూ!" అని కేక పెట్టింది నాగావళి. అందరూ చేరారు. వంటింట్లోంచి పార్వతాలు గారు కూడా గరిట చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. పంపు తోసే నీటికి ఆ మైనపు పొర పాము కుబుసంలా మెల్లగా జారి, చిరుగులు చిరుగులుగా కొట్టుకుపోయింది. కింద లేతగా, కొత్తగా తల. చూస్తుండగా అక్కడొకటి ఇక్కడొకటి సన్నటి వేళ్ళు బయటికొచ్చాయి. క్లౌన్ చేపల్లో పెద్దది పంపు గొట్టం దగ్గర్నుంచి వచ్చి, ఒకసారి ముట్టెతో తాకి వెనక్కి తగ్గి, మళ్ళీ వచ్చి, ఆ వేళ్ళ మధ్య ఒళ్ళు దూర్చేసింది. రెండోది దాని వెనకే. సంహిత పీట మీద నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆ సంతోషంలో పార్వతాలు గారికి తన పొయ్యి సంగతి గుర్తే లేదు.

భోజనాలకి కూర్చున్నాక తెలిసింది. ఆనపకాయ పులుసు అడుగంటకుండా బతికింది గానీ, మరిగి మరిగి సగానికి సగం ఇంకిపోయింది. మాస్టారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మొహం ఏ మార్పూ లేకుండా మింగారు, నలభై ఏళ్ళ సంసారం మరి. నాగావళి కూడా తల వంచుకుని కష్టపడుతోంది. సంహిత ముద్ద నమిలింది, ఆగింది, కంచంలోకి చూసింది.

"ఉప్పు ఎక్కువైపోనాది" అంది. తర్వాత, ఎవరూ అడక్కుండానే, "మా అమ్మ కూడా ఇలాగే ఎక్కువ వేసీసీది" అంది.

నాగావళి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఏడాదిగా ఆ పిల్ల నోట్లోంచి అమ్మ అన్న మాట రావడం అదే మొదలు. అమృతం, కమ్మదనం అంటూ తను కట్టిన గుడి పక్కనుంచి, ఉప్పు ఎక్కువేసే అమ్మ ఒకావిడ తాపీగా నడిచొచ్చి కంచం ముందు కూర్చుంది. అవును, అక్క వంటలో ఎప్పుడూ ఉప్పెక్కువే. వీధి వీధంతా తెలిసిన సంగతి అది. ఏడాది నుంచి నాగావళే మరిచిపోయింది.

నాలుక చివర మాటలు కుప్పలుగా నిలిచాయి. అలా అనకూడదు నాన్నా, అమ్మ ఎంత ప్రేమగా వండేదో తెలుసా, అమ్మ నీకోసం... అన్నీ వచ్చాయి. వచ్చినవన్నీ నాగావళి మింగేసింది. ఆ పులుసు కంటే అదే కష్టమైంది. ఎడమచేత్తో మంచినీళ్ళ గ్లాసు పిల్ల కంచం దగ్గరికి జరిపి ఊరుకుంది.

సంహిత గ్లాసు ఎత్తి పులుసన్నంలో కాసిని నీళ్ళు వంపుకుంది. "నాన్న ఇలాగే కలుపుకుని తినీవాడు" అంటూ చేత్తో పిసికింది. "అప్పుడు అమ్మకి కోపం వచ్చీది. 'అయితే రేపట్నించి మీరే వండండి' అని నాన్న చేతికి గరిట ఇచ్చీసీది. నాన్న ఆ గరిటతో డేన్సు చేసీవాడు." చెబుతూ చెబుతూ కిలకిలా నవ్వింది. నవ్వుతూనే దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తిరిగినవి బుగ్గల మీదికి జారాయి. అది వాటిని తుడుచుకోనూ లేదు, నవ్వు ఆపనూ లేదు. పార్వతాలు గారు, "నా పులుసు పాడైతే పాడైంది గానీ, ఎంత మంచి కబురు చెప్పేవే తల్లీ" అని దాని తల నిమిరారు. నాగావళి పిల్లని ఒళ్ళోకి లాక్కోలేదు. ఈసారి పిల్లే పీట జరుపుకుని వచ్చి, ఎంగిలి చేత్తోనే పిన్ని మోచెయ్యి పట్టుకుని, ఇంకో కబురు మొదలుపెట్టింది.

అందరూ లేచాక పెరట్లో చేతులు కడుక్కుంటూ మాస్టారు నాగావళి వైపు తిరిగారు.

"ఆ మధ్య నువ్వేదో అడిగావు కదమ్మా?"

ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంటూ అవునన్నట్టు తల ఊపింది. లోపల సంహిత ఇంకా ఏదో చెబుతూనే ఉంది, పార్వతాలు గారు ఊఁ కొడుతున్నారు. మాస్టారు ఆ మాటలు కాసేపు విని, తువ్వాలు భుజాన వేసుకున్నారు.

"రేపట్నించి తొట్టికి నీళ్ళు నువ్వే పొయ్యి తల్లీ. చెయ్యి కుదిరింది."